కాసెమిరో పని అయిపోయిందా? మిడ్‌ఫీల్డర్ ఆటను ఎలా చూడాలి?

ప్రశ్న: మాస్టారూ, మేం శ్రీకాకుళంలో ఆరుగురు మిత్రులం. అందరమూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులమే. ఆ జట్టు మధ్యలో ఆడిన బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ కాసెమిరో విషయంలో ప్రతి మ్యాచ్ తర్వాతా మాకు గొడవ. అతని పని 2023లోనే అయిపోయిందని నలుగురు అంటారు. నేనూ, ఇంకొకడూ ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో చెప్పమంటే మాత్రం మాకు మాటలు దొరకవు. గోల్సు, అసిస్టులు (గోలుకు దారితీసిన పాసులు), రేటింగులు చూపించి మా నోరు మూయిస్తారు. మిడ్‌ఫీల్డర్ బాగా ఆడాడో లేదో ఎలా తేల్చాలి? ఇంకో సంగతి కూడా ఉంది. మా తమ్ముడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, బడి జట్టులో అదే స్థానంలో ఆడతాడు. ఒక్క గోలూ కొట్టడం లేదని, వాడిని ముందు వరుసలోకి మార్పించమని మా నాన్న పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం:

బాబూ, నీ ప్రశ్నలో చివరి ముక్క నన్ను ఎక్కువగా పట్టుకుంది. దానికి తర్వాత వస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. కాలేజీ రోజుల్లో హాఫ్ ఆడేవాడిని. అప్పుడు మా నోళ్లలో మిడ్‌ఫీల్డర్ అనే మాట లేదు. ముందు ఫార్వర్డు, మధ్యలో హాఫ్, వెనక బ్యాక్, అంతే. హాఫ్ ఆడమంటే పిల్లలు ముఖం చిన్నబుచ్చుకునేవారు. గోలు కొడితే ఫార్వర్డుకు పేరు, గోలు ఆపితే బ్యాక్‌కు పేరు, ఓడిపోతే తిట్లు హాఫ్‌కు. అందుకే ఈ స్థానం గురించి ఎవరు అడిగినా నాకు కొంచెం ఎక్కువ మాట్లాడాలనిపిస్తుంది. ఓపికగా చదువు.

నీ నలుగురు స్నేహితులు చూసింది అబద్ధం కాదు. 2023–24 సీజన్‌లో కాసెమిరో చాలాసార్లు బంతి దగ్గరికి ఆలస్యంగా చేరాడు. పక్కనుంచి దూసుకుపోయేవాడిని అందుకోలేకపోయాడు. వాళ్లతో నాకు పేచీ దానికి చెప్పే కారణం దగ్గరే. మిడ్‌ఫీల్డర్ ఆట అతని కాళ్లలో సగమే ఉంటుంది. అతనికీ ముందు వరుసకూ, అతనికీ వెనక వరుసకూ మధ్య ఎంత నేల ఖాళీగా ఉందన్నదే మిగతా సగం. ఆ నేలను లెక్కలోకి తీసుకోకుండా ఇచ్చిన తీర్పును నేను ఒప్పుకోను. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. ఒక పిల్లవాడికి అన్యాయం చేసి నేర్చుకున్నాను.

తొంభైల నాటి సంగతి. ఆమదాలవలస దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. అంతర్ పాఠశాలల పోటీలో మాకు కీలకమైన మ్యాచ్. మా జట్టులో మధ్యలో ఆడే కుర్రవాడు బక్కగా ఉండేవాడు, పెద్దగా పరుగెత్తేవాడు కాదు. అర్ధభాగం ముగిసేసరికి ఆట సున్నా–సున్నా. గీత పక్కన నిలబడ్డ పెద్దమనుషులు నన్ను చుట్టుముట్టారు. 'మాస్టారూ, వాడు అక్కడ ఊరికే నిలబడుతున్నాడు, తీసేయండి' అన్నారు. నాకూ అలాగే కనిపించింది. వాడిని కూర్చోబెట్టి, బాగా పరుగెత్తే మరొకడిని దింపాను. ఆ కొత్త కుర్రవాడు మైదానమంతా తిరిగాడు, రెండు ట్యాకిల్స్ చేశాడు (ఎదుటివాడి కాళ్ల దగ్గరి బంతిని లాక్కున్నాడు), చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. మేం మూడు గోల్స్ ఇచ్చాం. మూడూ నడిమి నుంచే వచ్చాయి.

ఆ రెండో సగంలో నాకు ముందుగా తెలిసొచ్చింది నిశ్శబ్దం. మొదటి సగమంతా ఆ బక్క కుర్రవాడి గొంతు వినిపిస్తూనే ఉంది. 'ఎడమ బ్యాక్, లోపలికి రా', 'వెనక మనిషి ఉన్నాడు', 'వదిలెయ్, నేను చూస్తా'. వాడు పరుగెత్తాల్సిన అవసరం రాకుండా పదిమందిని నిలబెడుతున్నాడు. నేను తీసేసింది ఆ గొంతును. మ్యాచ్ అయ్యాక వాడు నన్ను ఒక్క మాట అనలేదు, బూట్లు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఏ జట్టు ఆడుతున్నా, ఎక్కడ ఆడుతున్నా, ముందు ఆ స్థానంలో ఉన్నవాడిని వెతుక్కుని చూడటం అలవాటైంది.

ఇప్పుడు కాసెమిరో దగ్గరికి వద్దాం. మాంచెస్టర్‌కు రాకముందు అతను రియల్ మాడ్రిడ్‌లో ఎలా ఆడాడో నీ స్నేహితులు మరిచిపోతున్నారు. అక్కడ అతను ఒంటరి కాదు. ఒక పక్క టోనీ క్రూస్, ఇంకో పక్క లూకా మోద్రిచ్. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో 2016, 2017, 2018, 2022 ఫైనల్స్ నాలుగింటిలోనూ ఆ ముగ్గురూ మొదటి పదకొండు మందిలో ఆడారు, నాలుగూ గెలిచారు. బంతిని దాచుకుని ఆటను నెమ్మదింపజేయడం క్రూస్, మోద్రిచ్‌ల పని. వాళ్ల చేతుల్లోంచి జారినదాన్ని పట్టుకోవడం ఇతని పని. ముగ్గురూ కలిసి కదిలేవారు కాబట్టి అతను కాపలా కాయాల్సిన జాగా చిన్నది. ఆ చిన్న జాగాలో ప్రపంచంలో అతనికి సాటి వచ్చినవాళ్లు తక్కువ.

2022 ఆగస్టులో యునైటెడ్ అతన్ని దాదాపు ఆరు కోట్ల పౌండ్లకు, అదనపు షరతులతో తీసుకుంది. అప్పటికే ముప్పై నిండాయి. మొదటి సీజన్‌లో మీ ఆరుగురూ అతన్ని నెత్తిన పెట్టుకున్నారనే అనుకుంటున్నాను. 2023 ఫిబ్రవరి 26న న్యూకాసిల్ మీద లీగ్ కప్ ఫైనల్‌లో ల్యూక్ షా ఫ్రీకిక్‌కు తల తగిలించి మొదటి గోలు కొట్టాడు, యునైటెడ్ 2–0తో గెలిచింది. ఆ సీజన్ లీగ్‌లో మూడో స్థానం, 38 మ్యాచ్‌లలో ఇచ్చిన గోల్స్ 43. మచ్చలు అప్పుడూ ఉన్నాయి. లీగ్‌లో రెండుసార్లు నేరుగా రెడ్ కార్డు తెచ్చుకుని మొత్తం ఏడు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. జట్టు గెలుస్తోంది కాబట్టి వాటిని ఎవరూ పెద్దగా తవ్వలేదు.

మరుసటి సీజన్‌లో ఏమైంది? మొదటి మ్యాచ్ గుర్తు చేసుకో. 2023 ఆగస్టు 14, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వోల్వ్స్‌తో. మేసన్ మౌంట్ కొత్తగా వచ్చాడు. అతనూ, బ్రూనో ఫెర్నాండెజ్ ఇద్దరూ ముందుకు వెళ్లి ప్రత్యర్థి మీద ఒత్తిడి పెడుతున్నారు. వెనక వరుస మాత్రం వాళ్లతో పాటు ముందుకు జరగడం లేదు. మధ్యలో కాసెమిరో ఒక్కడే. యునైటెడ్ 1–0తో గెలిచింది, కానీ వోల్వ్స్ ఏకంగా 23 షాట్లు కొట్టారు. బంతి అందుకున్న ప్రతివాడూ అతని ఎడమ నుంచో కుడి నుంచో పరుగెత్తుకుంటూ వచ్చాడు. మైదానం వెడల్పు 68 మీటర్లు. ఆ వెడల్పును ముప్పై ఒకటేళ్ల మనిషి ఒక్కడూ కాయాలంటే ఎలా కాస్తాడు? ఇరవై రెండేళ్ల వాడైనా కాయలేడు. కాకపోతే వాడు పరుగెత్తి ఆలస్యంగా చేరతాడు, అప్పుడు మనం 'పాపం, కష్టపడుతున్నాడు' అంటాం. ఇతను పరుగెత్తకుండా ఆలస్యమయ్యాడు, కాబట్టి 'అయిపోయాడు' అన్నాం.

ఆ సీజన్‌లో లిసాండ్రో మార్టినెజ్, షా ఎక్కువ కాలం గాయాలతో బయటే ఉన్నారు. వెనక వరుస వారానికొక రకంగా మారింది. జట్టు ఎనిమిదో స్థానంలో ముగిసింది, ఇచ్చిన గోల్స్ 58, కొట్టినవి 57. ఒక్క మనిషి ముసలివాడైతే జట్టు ఇన్ని గోల్స్ ఇవ్వదు. వరుసల మధ్య దూరం పెరిగితే ఇస్తుంది.

2024 మే 6న క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 4–0 ఓటమిని నీ స్నేహితులు ప్రతిసారీ ఎత్తి చూపుతూ ఉంటారు, నాకు తెలుసు. ఆ మ్యాచ్ చూసే మాజీ ఆటగాడు జేమీ క్యారగర్ టీవీలో, కాసెమిరో ఇక పెద్ద స్థాయి ఫుట్‌బాల్ మానుకోవాలన్నాడు. ప్యాలెస్ ఆటగాడు ఒలీసే అతన్ని దాటుకుని వెళ్లి కొట్టిన గోలు చూస్తే నాకూ బాధ కలిగింది. కానీ ఆ రోజు అతను ఆడింది ఏ స్థానంలో? సెంటర్ బ్యాక్‌గా, అంటే వెనక వరుస మధ్యలో. అసలు బ్యాక్‌లకు గాయాలైతే, జానీ ఎవాన్స్ పక్కన అతన్ని నిలబెట్టారు. మిడ్‌ఫీల్డర్‌గా అతని ఆటను తూచడానికి, అతను మిడ్‌ఫీల్డర్‌గా ఆడని మ్యాచ్‌ను సాక్ష్యంగా తేవడం సరికాదు. ఈ ఒక్క విషయంలో మీ నలుగురితో నువ్వు గట్టిగానే వాదించవచ్చు.

అయితే 2024 సెప్టెంబర్ 1 నాటి లివర్‌పూల్ మ్యాచ్‌లో వాదించకు. అక్కడ నువ్వు ఓడిపోతావు, ఓడిపోవాలి కూడా. 3–0తో పోయిన ఆ మ్యాచ్‌లో మొదటి రెండు గోల్స్‌కూ మూలం అతనే. ఒకసారి అతని పాస్ ఎదుటివాడి కాలికి చేరింది, ఇంకోసారి బంతి అతని కాళ్ల దగ్గరే పోయింది. విరామంలో అతన్ని తీసేసి టోబీ కొల్యర్ అనే కుర్రవాడిని దింపారు. అక్కడ నేల పెద్దదనీ, పక్కన మనిషి లేడనీ సాకు చెప్పలేం. బంతి రాకముందే తన చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు. హాఫ్ చేయకూడని తప్పుల్లో అది మొదటిది. తన ఆటగాడిని ప్రేమించేవాడు ఇలాంటి రోజును ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే మిగతా రోజుల గురించి అతను చెప్పే మాటను ఎదుటివాళ్లు నమ్ముతారు.

తర్వాత కొత్త కోచ్‌గా రూబెన్ అమోరిమ్ వచ్చాడు. మొదట్లో కాసెమిరోను బెంచీ మీదే ఉంచాడు. 2025 వసంతంలో మళ్లీ ఆడించాడు. ఈసారి వెనక ముగ్గురు బ్యాక్‌లు, పక్కన తరచుగా మరో మిడ్‌ఫీల్డర్ ఉగార్తే. కాయాల్సిన జాగా తగ్గింది. నువ్వూ మేలుకునే ఉండి ఉంటావు, ఏప్రిల్ 17న లియాన్‌తో యూరోపా లీగ్ మ్యాచ్. మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది, అదనపు సమయం ముగిసేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. 4–2తో వెనకబడి, ఇక ఇంటికే అనుకున్న చోట, పెనాల్టీ రావడానికి కారణమైన ఫౌల్ అతని మీదే జరిగింది. తర్వాత తోటి ఆటగాడు మేనూ గోలుకు పాస్ అతనిది. చివరి నిమిషంలో మగ్వాయర్ తలకు చేరిన బంతీ అతని కాలి నుంచే వచ్చింది. 5–4. రెండు వారాల తర్వాత బిల్బావోలో అథ్లెటిక్ మీద 3–0 గెలుపులో మొదటి గోలు అతని తలదే. అదే సీజన్‌లో జట్టు లీగ్‌లో 15వ స్థానంలో ఉంది, యూరోపా లీగ్ ఫైనల్‌లో టాటెన్‌హామ్ చేతిలో ఓడింది. అంటే జట్టు బాగుపడినందువల్ల అతను బాగా కనిపించాడని కూడా అనలేం.

ఏడాది క్రితం మానుకోమన్న మనిషి, మే నెలకల్లా మళ్లీ కావలసినవాడయ్యాడు. వయసు ఏడాది పెరిగిందే తప్ప తగ్గలేదు. మరి మారింది ఏమిటి? ఇదే మీ స్నేహితులను అడుగు. జవాబు కోసం వాళ్లు తప్పనిసరిగా నేల గురించి మాట్లాడాల్సి వస్తుంది.

ఇలా తప్పుగా తూచింది మనబోటి అభిమానులే కాదు. 2003లో రియల్ మాడ్రిడ్ యాజమాన్యం బెక్‌హామ్‌ను కొని, కాసెమిరో లాగే మధ్యలో కాపలా కాసే క్లాడ్ మకెలెలెను చెల్సీకి అమ్మేసింది. మకెలెలే గోల్స్ కొట్టడు, పొడుగు పాసులు ఇవ్వడు. మిగిలిన తారలంతా ఉన్నా తర్వాతి మూడు సీజన్లూ మాడ్రిడ్ లీగ్ గెలవలేదు, ఛాంపియన్స్ లీగ్ గెలవలేదు. చెల్సీ 2004–05లో లీగ్ గెలిచింది, 38 మ్యాచ్‌లలో ఇచ్చిన గోల్స్ పదిహేనే. మన దగ్గరా అంతే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ అందరికీ గుర్తుంది. హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ పేరు కూడా ఇప్పుడిప్పుడే కొత్తతరానికి తెలిసింది. ఆ జట్టులో హాఫ్‌లుగా ఉన్న నూర్ మహమ్మద్, కెంపయ్యల పేర్లు మీ ఆరుగురిలో ఎవరైనా విన్నారా? నూర్ హైదరాబాద్ పోలీస్ జట్టువాడు, మన తెలుగు నేల మీద ఆడి పెరిగినవాడు.

రేటింగుల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫోనులో కనిపించే పదికి ఏడు, పదికి ఆరున్నర అనే అంకెలు బంతి దగ్గర జరిగినవాటిని కూడి, తీసి వేసినవి. గోలు, అసిస్టు, ట్యాకిల్, పోయిన బంతి, ఇలాంటివి. సరైన చోట నిలబడటం వల్ల ఎదుటివాడు ఆ వైపు పాస్ ఇవ్వడమే మానుకుంటే, ఆ మంచిపని ఏ గడిలోనూ పడదు. నూటికి తొంభై పాసులు సరిగ్గా ఇచ్చాడంటారు. వాటిలో ఎన్ని వెనక్కి, ఎన్ని పక్కకి, ఎన్ని ఎదుటి వరుసను చీల్చుకుని వెళ్లాయో చూడాలి. ట్యాకిల్స్ లెక్క మరీ మోసం చేస్తుంది. ఖరీఫ్‌లో గట్టు తెగాక బుట్టలతో మట్టి వేసేవాడిని ఊరంతా చూస్తుంది, రాత్రంతా గట్టు మీద తిరిగి చిన్న గండిని పారతో పూడ్చినవాడు ఎవరి కంటా పడడు. ట్యాకిల్స్ ఎక్కువైన రోజున నేను ముందు అనుమానించేది జట్టు మధ్యలో గండి పడిందా అని.

మరి ఏం చూడాలి? ముందు హైలైట్స్ చూసి మాట్లాడటం మానండి. ఆ ఐదు నిమిషాల్లో గోల్సూ, తప్పులూ ఉంటాయి. మిడ్‌ఫీల్డర్ బతుకంతా మిగిలిన ఎనభై ఐదు నిమిషాల్లో ఉంటుంది.

మొత్తం మ్యాచ్ చూసేటప్పుడు పదిహేను నిమిషాలు బంతిని వదిలెయ్. కష్టంగా ఉంటుంది, కన్ను దానంతట అదే బంతి వెంట పోతుంది. అయినా అతన్నే చూడు. ఒక కాగితం మీద మైదానం గీసుకుని, నిమిషానికొకసారి అతనెక్కడున్నాడో చుక్క పెట్టు. అతనికి దగ్గరలో ఉన్న సొంత ఆటగాడు ఎంత దూరంలో ఉన్నాడో అంచనాగా రాసుకో. పదిహేను చుక్కలు చాలు. అవన్నీ గోలుకూ మధ్య వృత్తానికీ నడుమ ఒక వరుసలో ఉంటే అతను తన స్థానం కాస్తున్నాడు. అక్కడొకటి ఇక్కడొకటి పడితే, అతను నిలకడ లేక తిరుగుతున్నాడా, ఇతరులు వదిలేసిన చోట్లకు పరుగులు పెట్టాల్సి వస్తోందా అన్నది రెండో లెక్క చెబుతుంది. దగ్గరలో మనిషి లేనప్పుడల్లా ఆలస్యమైతే తప్పు అమరికది. పక్కన మనిషి ఉండి కూడా ఆలస్యమైతే తప్పు అతనిది.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ప్రత్యర్థి ఆటగాడు ఇతని వెనక, బ్యాక్‌ల ముందు ఉన్న ఖాళీలో బంతి అందుకుని, మన గోలు వైపు తిరగగలిగాడా? ఎన్నిసార్లు? బంతి అందుకోవడం తప్పు కాదు, అది జరుగుతూనే ఉంటుంది. తిరగనివ్వడమే ప్రమాదం. తిరిగినవాడికి మైదానమంతా కనిపిస్తుంది, తిరగలేనివాడు వెనక్కి ఇచ్చుకోవాల్సిందే. మంచి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్, అంటే బ్యాక్‌ల ముందు కాపలా కాసేవాడు, చాలాసార్లు బంతి లాక్కోడు. వీపు వెనక చేరి, తిరగనివ్వకుండా నిలబడతాడు, అంతే. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ 'ఏమీ జరగకపోవడం' అతను చేసిన పని. కాసెమిరో మంచి రోజుల్లోనూ చెడ్డ రోజుల్లోనూ నేను ఈ లెక్కే వేసుకున్నాను, అది నన్ను ఎప్పుడూ పెద్దగా మోసం చేయలేదు.

బంతి వచ్చేముందు అతని తలను చూడు. భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు? నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఇంగ్లండ్ లీగ్ ఆటగాళ్లను వీడియోలో గమనించి, బంతి అందేముందు ఎక్కువసార్లు చుట్టూ చూసుకున్నవాళ్ల పాసులు ఎక్కువగా చేరాయని తేల్చాడు. లివర్‌పూల్ మ్యాచ్ మళ్లీ పెట్టుకుని ఆ రెండు గోల్స్‌కు ముందు క్షణాలు చూడు, నేనేమంటున్నానో అర్థమవుతుంది. అలాగే పాస్ ఎవరికి ఇచ్చాడన్న దానితో ఆగిపోకు, అందుకునేవాడి ఏ కాలికి ఇచ్చాడో చూడు. ముందుకు తిరగడానికి వీలైన కాలికి ఇస్తే అందుకున్నవాడికి ఒక క్షణం మిగులుతుంది. దగ్గర కాలికి ఇస్తే వాడు ఆగిపోతాడు. రెండూ లెక్కల్లో 'సరైన పాస్' అనే పడతాయి.

ఆటను ఎత్తునుంచి చూడటం కూడా అలవాటు చేసుకోండి. ఫోను తెరలో దూరాలు కనిపించవు, కనీసం పెద్ద టీవీలో చూడండి. అంతకంటే మంచిది మన ఊళ్లోనే ఉంది. నాగావళిలో నీరు తగ్గిన రోజుల్లో పిల్లలు ఇసుకలో ఆడుతుంటే, సాయంత్రం వంతెన మీద ఒక పక్కగా నిలబడి చూడు. గీత పక్కన నిలబడితే కాళ్లు కనిపిస్తాయి, పైనుంచి చూస్తే ఖాళీలు కనిపిస్తాయి. ఎవరు ఎవరికి దూరమవుతున్నారో, ఎవరు ముందే పసిగట్టి రెండడుగులు పక్కకు జరుగుతున్నారో, చదువు రాని వాడికైనా తెలిసిపోతుంది. నేను చాలామంది పిల్లలను అలా పైనుంచి చూసే హాఫ్‌కు ఎంచుకున్నాను. ఏదైనా స్టేడియంలో ఆట చూసేటప్పుడు కూడా పై మెట్టు మీదే కూర్చో.

కాసెమిరో మీద నా మాట అడిగావు కాబట్టి చెప్తాను. ఒంటరిగా పెద్ద జాగా కాయమంటే 2023 నుంచీ అతను పనికిరాడు. పక్కన ఒకరిని పెట్టి, వెనక వరుసను దగ్గరగా ఉంచి, కార్నర్లలోనూ ఫ్రీకిక్‌లలోనూ అతని తలను వాడుకుంటే, ఆ వయసులోనూ పెద్ద మ్యాచ్‌లు గెలిపించగలడని 2025లో చూశాం. కోపం మాత్రం అతనికి తగ్గలేదు. 2025 సెప్టెంబర్ 20న చెల్సీ మీద గోలు కొట్టి, విరామం లోపలే రెండో పసుపు కార్డుతో బయటికి పోయాడు. పదిమందితో మిగిలిన జట్టు 2–1తో ఎలాగో నిలబడింది. ఆ కార్డుకు అమరికను నిందించలేం. అది అతని లోపమే, మొదటి సీజన్ నుంచీ ఉన్న లోపమే. మీ నలుగురు దాన్ని పట్టుకుని వాదిస్తే నేను వాళ్ల పక్కన కూర్చుంటాను.

ఇక మీ తమ్ముడు.

మీ నాన్నగారి మీద కోపం తెచ్చుకోకు. కొడుకు పేరు నలుగురి నోళ్లలో పడాలని ఏ తండ్రికైనా ఉంటుంది, గోలు కొట్టినవాడి పేరే ఊళ్లో వినిపిస్తుంది. ఆయనతో వాదించే బదులు, వచ్చే మ్యాచ్‌కు మైదానానికి తీసుకెళ్లు. పదిహేను నిమిషాలు బంతిని వదిలి అబ్బాయినే చూడమను. చెవి కూడా పెట్టమను. వాడి గొంతు వినిపిస్తోందా? వాడు చెప్పినప్పుడు మిగతావాళ్లు కదులుతున్నారా? టీవీ ఇవ్వనిది మైదానంలో దొరికేది ఇదే. అది వినిపిస్తే మీ నాన్నగారికి నువ్వు వేరే చెప్పక్కర్లేదు. వినిపించకపోతే, వాడు భయపడుతున్నాడా, తనకు అర్థం కాని స్థానంలో ఉన్నాడా అని మెల్లగా వాడినే అడుగు.

ముందు వరుసలో కొన్నాళ్లు ఆడటం వల్ల నష్టం లేదు. పద్నాలుగేళ్ల వయసులో అన్ని చోట్లా ఆడాలి. ఫార్వర్డుకు బంతి ఎప్పుడు, ఏ కాలికి కావాలో అక్కడ నిలబడినవాడికే తెలుస్తుంది, మళ్లీ మధ్యలోకి వచ్చాక అది పనికొస్తుంది. కానీ గోలు కొట్టడం లేదన్న శిక్షగా మార్చవద్దు. వాడికి నచ్చి వెళ్తే వెళ్లనీ. బడిలో మాస్టారుతో ముందు మాట్లాడండి, ఆయన్ని కాదని ఇంట్లో నిర్ణయించవద్దు. రెండు వైపుల నుంచీ లాగితే నలిగేది పిల్లవాడే.

ఇంట్లో ఒకటి చేయించు. గోడకు ఐదారు మీటర్ల దూరంలో నిలబడి బంతిని గోడకు తన్నమను. నువ్వు వాడి వెనక నిలబడి చేతి వేళ్లు చూపించు, ఒకసారి రెండు, ఒకసారి నాలుగు, ఎడమ పక్కనో కుడి పక్కనో. బంతి గోడకు తగిలి తిరిగి వచ్చేలోపు వాడు భుజం మీదుగా చూసి, ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పి, అప్పుడు బంతి అందుకోవాలి. వేళ్లు ఏ పక్క చూపించావో దానికి రెండో పక్కకు మొదటి తాకిడితోనే బంతిని జరపాలి. మొదటి రెండు రోజులు బంతి కాలికి తగలదు, విసుక్కుంటాడు, వదలవద్దు. రోజుకు ముప్పైసార్లు, పది రోజులు. ఎన్నిసార్లు సరిగ్గా చెప్పాడో ఏ రోజుకారోజు రాసిపెట్టు. పదకొండో రోజున ఆ కాగితం చూసి, తర్వాత ఏం చేయించాలో చెప్తాను.